పాత మారుతి 800కి కొత్త బండి హ్యాండ్ బ్రేక్ లివర్, కేబుళ్ళు బిగించడం ఎలా

1983 చివర్నుంచి 1986 దాకా వచ్చిన మొదటి తరం మారుతి 800, అంటే ఎస్ఎస్80, మీ ఇంట్లో ఇంకా కదులుతూ ఉంటే ఇంజన్ గురించి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. దాన్ని విప్పి బిగించే మెకానిక్ ఏ ఊళ్ళోనైనా దొరుకుతాడు. ఏడిపించేది చిన్న సామాన్లే. వాటిలో హ్యాండ్ బ్రేక్ ఒకటి: లివర్ పళ్ళు అరిగి లాగినా నిలబడదు, కేబుల్ లోపల తుప్పు పట్టి లాగితే రాదు, వచ్చిందంటే మళ్ళీ వెనక్కి పోదు. షాపులో అడిగితే "ఆ మోడల్‌ది ఇప్పుడు రాదు సార్" అంటారు. సరే, తర్వాతి 800దో ఆల్టోదో తెచ్చి వేసేద్దాం అనుకుంటాం. వేయొచ్చు, కానీ కొలతలు తీసుకున్నాకే. మీది రెండో తరం 800 అయితే మాత్రం ఈ గొడవంతా ఎందుకు? 2014 జనవరి దాకా తయారైన బండి అది, దాని కేబుల్ బయట మామూలుగానే దొరుకుతుంది. అదే తెచ్చి వేసుకోండి.

మొదలుపెట్టే ముందు ఒక హద్దు గీసుకోండి. మార్చేది చేతి దగ్గర్నుంచి వెనక చక్రం బ్యాక్ ప్లేటు (డ్రమ్ము వెనక కదలకుండా ఉండే రేకు) దాకా ఉన్న సామానే, అంటే లివర్, కేబుళ్ళు, వాటి క్లాంపులు. డ్రమ్ము లోపలి సరుకు మీ బండిదే ఉండాలి. "ఎలాగూ తెస్తున్నాం కదా, బ్యాక్ ప్లేటుతో సహా మొత్తం సెట్టు మార్చేద్దాం" అనే సలహా మీకు తప్పకుండా వస్తుంది, వినకండి. కొత్త బండి వీల్ సిలిండర్ (కాలి బ్రేకు తొక్కితే డ్రమ్ములో బ్రేకుని తోసేది) బోరు, అంటే లోపలి వ్యాసం, వేరుగా ఉంటే కాలి బ్రేకు తొక్కినప్పుడు ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ పంచే బలం మారిపోతుంది. వెనకవి ముందుగా లాక్ అయితే వాన రోడ్డు మీద బండి తోక తిప్పేస్తుంది. హ్యాండ్ బ్రేక్ బాగుచేయబోయి కాలి బ్రేకు పాడుచేసుకోవద్దు.

అసలు జబ్బు ఎక్కడుందో చూడండి

లివర్ పైదాకా వచ్చేస్తున్నా బండి ఆగడం లేదంటే చాలాసార్లు తప్పు లివర్‌ది కాదు, కేబుల్‌దీ కాదు. డ్రమ్ముకి రాసుకునే లైనర్లు అరిగాయి, లేదా అడ్జస్టర్ బిగుసుకుపోయి షూలు, అంటే ఆ లైనర్లు అంటించి ఉండే వంపు ముక్కలు, డ్రమ్ముకి దూరంగా ఉండిపోయాయి. లివర్ లాగిన చోట నిలవకుండా జారిపోతుంటే పళ్ళూ వాటిలో పడే లాక్ ముక్కా అరిగాయి. లాగడానికి చాలా బలం కావాల్సి వస్తుంటే, వదిలాక కూడా చక్రం పట్టేసి ఉంటుంటే కేబుల్ లోపల తుప్పు. ఒక చక్రం గట్టిగా పట్టి రెండోది ఖాళీగా తిరుగుతుంటే ఒక వైపు కేబుల్ గానీ, ఆ వైపు షూ లివర్ (కేబుల్ లాగితే డ్రమ్ములో షూలని తెరిచే చిన్న కాడ) పిన్ను గానీ ఇరుక్కుపోయింది. ఇవి చూసుకోకుండా సామాను కొనకండి. అడ్జస్టర్‌కి కాస్త నూనె పెట్టి కదిలిస్తే సరిపోయే పనికి పాత సామాన్ల కొట్ల చుట్టూ తిరిగేవాళ్ళు చాలామంది ఉన్నారు.

కొలతలు: పనిలో సగం ఇక్కడే

కేబుల్ పోల్చేటప్పుడు అందరూ రెండూ పక్కపక్కన నేల మీద పరిచి పొడవు చూస్తారు. ఆ పొడవుతో మనకి పెద్దగా పని లేదు. హ్యాండ్ బ్రేక్ కేబుల్‌లో రెండు ఉంటాయి, లోపలి ఉక్కు తీగ ఒకటి, దాని మీద కదలకుండా ఉండే తొడుగు, అంటే అవుటర్, ఇంకొకటి. మనకి కావలసింది అవుటర్ బయట తీగ ఎంత మిగిలి ఉందన్న లెక్క. తీగ మొత్తం పొడవులోంచి అవుటర్ పొడవు తీసేయండి. పాత కేబుల్‌కీ కొత్తదానికీ ఈ తేడా ఒకటే అయితే, కొత్త అవుటర్ 10 సెంటీమీటర్లు ఎక్కువున్నా పనిచేస్తుంది, కాస్త పెద్ద వంపు తిరిగి వెళుతుంది, అంతే. అదే మొత్తం పొడవులు సరిగ్గా సరిపోయి, బయటి తీగ 3 సెంటీమీటర్లు తక్కువైందనుకోండి, ఆ కేబుల్ ఎక్కదు. ఎక్కువైతే ఎక్కుతుంది కానీ అడ్జస్ట్ చేసే నట్టు మర మొత్తం తిప్పినా వదులు పోదు. అడ్జస్టర్ మర పొడవు కూడా అందుకే కొలిచి పెట్టుకోండి, తేడా ఆ మర సగంలోపు ఉంటే సర్దుకోవచ్చు.

కొలిచేటప్పుడు అవుటర్‌ని వంపు లేకుండా తిన్నగా లాగి పట్టుకోండి. రెండు చివర్లా ఇనుప టోపీలు ఎక్కడ ఆనుతాయో అక్కడి నుంచే టేపు పెట్టండి.

తర్వాత కేబుల్ చివర్లు. చక్రం వైపు చివర షూ లివర్ కొక్కెంలో కూర్చునే గుండు గానీ కన్ను గానీ ఉంటుంది, దాని మందం, వ్యాసం వెర్నియర్‌తో చూడండి. గుండు పెద్దదైతే కొక్కెంలో పట్టదు, చిన్నదైతే బండి గతుకుల్లో ఎగిరినప్పుడు జారి ఊడిపోతుంది. బ్యాక్ ప్లేటు రంధ్రంలో అవుటర్ కూర్చునే చోటు కూడా చూడాలి. రంధ్రం కొంచెం చిన్నదైతే గుండ్రటి ఆకురాయితో కాస్త పెంచుకోవచ్చు. పెద్దదైతే లేత్ దగ్గర ఉక్కు బుష్షు చేయించండి, నైలానుది వద్దు, డ్రమ్ము వేడికి అది మెత్తబడుతుంది.

ఇక లివర్. ఇక్కడ కొంచెం లెక్క ఉంది, భయపడకండి. లివర్ తిరిగే పిన్ను నుంచి మీ చేయి పట్టుకునే చోటుకి ఎంత దూరమో, అదే పిన్ను నుంచి కేబుల్ తగిలించే పిన్నుకి ఎంత దూరమో కొలిచి మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 270 ఎంఎం, 30 ఎంఎం అనుకుందాం, 9 వస్తుంది: మీరు 25 కిలోల బలంతో లాగితే కేబుళ్ళ మీద 225 కిలోలు పడుతుంది. ఇంకో లివర్‌లో కేబుల్ పిన్ను 45 ఎంఎం దూరంలో ఉందనుకోండి, 6 వస్తుంది, అదే లాగుడుకి 150 కిలోలే. అయితే ఒక్కో పన్నుకి కేబుల్ కదిలే దూరం రెండోదాంట్లో ఎక్కువ. పన్నుకి 4 డిగ్రీలు తిరుగుతుందనుకుంటే మొదటిదాంట్లో క్లిక్కుకి దాదాపు 2 ఎంఎం, రెండోదాంట్లో 3 ఎంఎం పైన. కాబట్టి పాత లివర్ కంటే ఈ నిష్పత్తి బాగా తక్కువున్న లివర్ తెచ్చారంటే క్లిక్కులు తగ్గి "అబ్బ, ఎంత టైటుగా ఉందో" అనిపిస్తుంది గానీ బండి వాలులో జారుతుంది. నిష్పత్తి పాతదానికి సమానంగానో కొంచెం ఎక్కువగానో ఉండాలి.

ఇదంతా ఎందుకంటే, వాలు మీద నిలబడటానికి ఎంత బలం కావాలో చూడండి. ప్రయాణికుల కార్ల మీద ఐక్యరాజ్యసమితి ఆర్13-హెచ్ నిబంధన ప్రకారం పార్కింగ్ బ్రేకు ఒక్కటే నిండు బరువుతో ఉన్న బండిని 20 శాతం వాలులో ఆపాలి, అదీ చేత్తో లాగే బలం 400 న్యూటన్లు, అంటే సుమారు 40 కిలోలు, దాటకుండా. 20 శాతమంటే వంద మీటర్లు ముందుకెళితే 20 మీటర్లు ఎక్కే వాలు. మనుషులూ సామానూ కలిపి మీ 800 ఒక టన్ను అనుకుంటే కిందికి లాగే బలం సుమారు 200 కిలోలు, ఒక్కో వెనక చక్రానికి 100. 145/70 ఆర్12 టైరు వ్యాసార్ధం దాదాపు 25 సెంటీమీటర్లు, డ్రమ్ము వ్యాసార్ధం 9 అనుకుంటే డ్రమ్ము దగ్గర ఒక్కో చక్రంలో 280 కిలోల దాకా పట్టు కావాలి. తుప్పు పట్టిన కేబుల్ దారిలోనే సగం బలం తినేస్తే ఆ పట్టు ఎక్కడి నుంచి వస్తుంది?

సామాను తేవడం

విజయవాడ ఆటోనగర్‌లో గానీ హైదరాబాద్‌లో పాత సామాన్ల కొట్లలో గానీ తుక్కుకొచ్చిన 800, ఆల్టో బండ్లు దొరకడం కష్టం కాదు. లివర్ అక్కడ కొనండి. కేబుళ్ళు మాత్రం కొత్తవే కొనండి, సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట మోడల్ పేరు చెబితే ఇస్తారు. మీ పాత కేబుల్ చేత్తో పట్టుకెళ్ళండి, ఫొటో సరిపోదు. కంపెనీ సామాను అయితే పార్ట్ నంబరులో మొదటి ఐదంకెలు ఆ వస్తువు ఏ రకమో చెబుతాయి, ఆ తర్వాతి అంకెల్లో ఏ మోడల్‌దో ఉంటుంది. కాబట్టి మొదటి ఐదూ కలిశాయి కదా అని అదే వస్తువు అనుకోవద్దు.

లివర్ విప్పించేటప్పుడు దాని బోల్టులు, స్ప్రింగు, కేబుల్ తగిలే పిన్ను, దీపం వెలిగించే చిన్న స్విచ్చు, అడ్జస్ట్ నట్టు అన్నీ ఆ ఒక్క బండి నుంచే తీసుకోండి. వీలైతే లివర్ కింద నేల రేకులో ఉన్న బలపరిచే ముక్కని కూడా కోయించి తెచ్చుకోండి, రంధ్రాల కొలతకి పనికొస్తుంది. లివర్ కొనే ముందు అక్కడే పట్టుకుని పైకి లాగి, బొత్తాం నొక్కకుండా కిందికి గట్టిగా నొక్కి చూడండి. ఒక్క పన్ను జారినా పక్కన పెట్టేయండి. పిన్ను దగ్గర పక్కకి ఊగుతుంటే బేరమాడకండి, ఇంకోటి చూడండి.

పెద్ద కార్లవి, ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు బండ్లవి ఈ పనికి రావు, వాటి జోలికే పోవద్దు.

విప్పడం

హ్యాండ్ బ్రేకే విప్పుతున్నాం కాబట్టి బండిని ఆపేది ఇంకేదైనా ఉండాలి. చదునైన గట్టి నేల, మొదటి గేరు, ముందు చక్రాలకి రెండు వైపులా దిమ్మలు. వెనక భాగం జాకీతో లేపి స్టాండుల మీద దించండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకి దూరొద్దు. ఇటుకలు అసలు వాడొద్దు, పగిలేటప్పుడు అవి ముందుగా చెప్పవు. బ్యాటరీ నెగెటివ్ తీగ తీసేయండి.

లివర్ పూర్తిగా కిందికి దించి అడ్జస్ట్ నట్టు వదులు చేస్తే డ్రమ్ము తేలిగ్గా వస్తుంది. 800లో వెనక బేరింగులు డ్రమ్ములోనే ఉంటాయి, మధ్యలో డస్ట్ క్యాప్ తీస్తే స్పిండిల్ నట్టు కనిపిస్తుంది, అది తీశాకే డ్రమ్ము బయటికి. బిగించేటప్పుడు ఆ నట్టు కొత్తది వేసి మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే బిగించండి. డ్రమ్ము లోపలి దుమ్మును కంప్రెసర్ గాలితో ఊదొద్దు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ముక్కుకి మాస్కు కట్టుకుని తడి గుడ్డతో తుడవండి, ఆ గుడ్డ కవర్‌లో కట్టి పారేయండి.

బ్యాక్ ప్లేటులో కేబుల్ స్ప్రింగు వేళ్ళతో పట్టుకుని ఉంటే స్క్రూడ్రైవర్‌తో ఒక్కో వేలూ నొక్కుతూ కుస్తీ పట్టక్కర్లేదు. వాటి మీద సరిపోయే రింగ్ పానా ఒకటి తొడిగితే వేళ్ళన్నీ ఒకేసారి మూసుకుంటాయి, వెనక నుంచి లాగితే వచ్చేస్తుంది. పాత కేబుల్ తీసే ముందు అది ఏ దారిలో వెళ్ళిందో, ఏ క్లాంపు ఎక్కడుందో నాలుగైదు ఫొటోలు తీసుకోండి.

షూ లివర్ ఒకసారి చేత్తో కదిపి చూడండి. పిన్ను దగ్గర బిగుసుకుపోయి ఉంటే శుభ్రం చేసి, వేడికి తట్టుకునే గ్రీజు చిటికెడంటే చిటికెడే పెట్టండి, లైనర్‌కి అంటకూడదు. అంటితే ఆ లైనర్ మార్చడమే.

లివర్ కూర్చోబెట్టడం

కార్పెట్ లేపగానే తుప్పు కనిపిస్తుంది, దాదాపు అన్ని పాత 800ల్లోనూ అంతే. నేల రేకు స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగబడేలా ఉంటే ముందు ఆ రేకు పని చేయించండి, లివర్ తర్వాత. రంధ్రాలు కలవకపోతే రేకుకి నేరుగా కొత్త రంధ్రాలు వేసి బోల్టులు బిగించేస్తారు కొందరు, ఆరు నెలలు బాగానే ఉంటుంది, తర్వాత రేకు చిరుగుతుంది. పైన లెక్క చూశారు కదా, మామూలు లాగుడుకే కేబుళ్ళ మీద 200 కిలోల పైన పడుతుంది, అదంతా మోసేది ఆ రేకే. 3 ఎంఎం ఉక్కు ప్లేటు కోయించి, పాత రంధ్రాలకీ కొత్త రంధ్రాలకీ రెంటికీ సరిపోయేలా గుచ్చించి, పైన ఒకటి, కింద ఒకటి పెట్టి మధ్యలో రేకుని పట్టేలా బిగించండి. బోల్టులు 8.8 గ్రేడు, తల మీద ఆ అంకె ఉంటుంది. నట్టు లాకింగ్ నట్టు. ప్లేటుకి పెయింట్ వేశాకే బిగించండి.

వెల్డింగ్ చేయాలంటే ప్లేటుని బయట చేయించి తెచ్చుకోండి. బండిలోనే చేయాల్సి వస్తే కింద పెట్రోలు పైపు, వెనక ట్యాంకు ఎక్కడున్నాయో చూసి, వాటిని తీశాకే.

లివర్ ముందుకీ వెనక్కీ ఎక్కడ పెట్టాలన్నది సీట్లు బిగించి, బెల్టు పెట్టుకుని, కూర్చుని చూసి నిర్ణయించండి. ఒక సెంటీమీటరు వెనక్కి జరిపితే మోచేయి సీటుకి తగిలే అవకాశం ఉంది. అలా జరిపిన ప్రతి మిల్లీమీటరూ కేబుల్ లెక్కలో కలుస్తుందని కూడా గుర్తుంచుకోండి. స్విచ్చు తీగ ఒక్కటే ఉంటుంది, లివర్ దించి ఉన్నప్పుడు తెగి, లాగితే బాడీకి ఎర్త్ అవ్వాలి.

కేబుల్ దారి

అసలు తేడా వచ్చేది ఇక్కడే. ఎస్ఎస్80 వెనక కమాను కట్టలతో నిలబడుతుంది, ఆ తర్వాతి 800లో, ఆల్టోలో కాయిల్ స్ప్రింగులు. ఇరుసు పైకీ కిందికీ కదిలే తీరు వేరు కాబట్టి కేబుల్ క్లాంపులు ఉండే చోట్లూ వేరు. కొత్త కేబుల్ మీద ఉన్న క్లాంపులు ఎక్కడ కూర్చుంటే అక్కడ బిగించేయకండి. ముందు రెండు చివర్లూ తగిలించి, మధ్యలో తాడుతో వదులుగా కట్టి, ఇరుసు కింద జాకీ పెట్టి పూర్తిగా పైకి లేపి చూడండి, తర్వాత పూర్తిగా వేలాడనిచ్చి చూడండి. ఏ స్థితిలోనూ అవుటర్ బిగుసుకోకూడదు, పదునుగా వంగకూడదు, టైరుకీ ఇరుసుకీ రాసుకోకూడదు. కేబుల్ చాలకపోతే ఎవరూ లాగకుండానే హ్యాండ్ బ్రేక్ పడ్డట్టు, గతుకులో వెనక చక్రాలు పట్టేస్తాయి. అది సరిచూసుకున్నాకే క్లాంపులకి చోట్లు గుర్తుపెట్టండి.

సైలెన్సర్ పైపుకి నాలుగు వేళ్ళ దూరమైనా ఉంచండి. వంపులు ఎంత పెద్దగా ఉంటే లాగుడు అంత తేలిక. కేబుల్‌ని కమాను కట్టకి జిప్ టైతో కట్టేయడం చాలా బండ్లలో చూస్తాం, మొదటి వేసవికే అది విరిగిపోతుంది. రబ్బరు వేసిన ఉక్కు క్లాంపు ఇరవై ముప్ఫై రూపాయల వస్తువు.

పొడవు కలవలేదని తీగ కోసి స్క్రూ క్లిప్పుతో అతికించడం, గ్యాస్ పెట్టి కరిగించి అంటించడం చేయొద్దు. వేడికి ఉక్కు తీగ మెత్తబడుతుంది, క్లిప్పు ఏదో ఒక రోజు జారుతుంది. కేబుళ్ళు చేసే చోట మీ కొలత ఇచ్చి, చివర్లు మెషిన్‌తో నొక్కించి కొత్తది చేయించుకోండి.

కొన్ని బండ్లలో రెండు కేబుళ్ళూ నేరుగా లివర్ దగ్గరికి వస్తాయి. కొన్నిట్లో మధ్యలో చిన్న అడ్డపట్టీ ఉంటుంది, త్రాసు కాడలాగ రెండు వైపులకీ బలాన్ని సమానంగా పంచుతుంది. మీ పాతదాంట్లో అది ఉండి కొత్త లివర్‌లో లేకపోతే పాతదే కొత్త లివర్‌కి తగిలించండి. అది కాస్త వంకరగా నిలబడితే ఫర్వాలేదు, ఒక పక్కకి పూర్తిగా వాలిపోయి ఆగిపోతే ఆ వైపు కేబుల్ పొడవు తప్పు.

అడ్జస్ట్ చేసే క్రమం

ముందు షూలు, తర్వాత కాలి బ్రేకు, ఆఖర్న కేబుల్. ఈ వరస మార్చొద్దు. కేబుల్ అడ్జస్ట్ నట్టు పూర్తి వదులుగా ఉంచి, షూ లివర్లు రెండూ పూర్తిగా వెనక్కి ఆనుకున్నాయని కళ్ళతో చూసి, షూలని డ్రమ్ముకి దగ్గర చేయండి. డ్రమ్ము తిప్పితే సన్నగా రాసుకోవాలి, ఆగకూడదు. తర్వాత డ్రమ్ములు బిగించి, పెడల్ పది పదిహేనుసార్లు తొక్కండి, షూలు మధ్యకి వచ్చి కూర్చుంటాయి. అప్పుడు కేబుల్ నట్టు బిగించండి. ముందే కేబుల్ బిగించేస్తే షూ లివర్ వెనక్కి రాకుండా సగంలో నిలబడిపోతుంది, తానే సర్దుకునే అడ్జస్టర్ ఉన్న బండ్లలో అది ఇక పనిచేయదు, లైనర్ అరిగేకొద్దీ పెడల్ కిందికి పోతూ ఉంటుంది, మీరేమో మాస్టర్ సిలిండర్‌ని అనుమానిస్తూ ఉంటారు.

మీ మాన్యువల్‌లో క్లిక్కుల అంకె ఉంటే అదే ప్రమాణం. లేకపోతే ఐదు నుంచి ఎనిమిది క్లిక్కుల మధ్య రెండు వెనక చక్రాలూ చేత్తో తిప్పినా కదలనంతగా పట్టాలి. లివర్ పూర్తిగా దించితే రెండూ స్వేచ్ఛగా తిరగాలి, ఒక క్లిక్కు దగ్గర కూడా గట్టిగా రాసుకోకూడదు. సరిపోయాక లాక్ నట్టు బిగించి, ఆ తర్వాత లివర్ గట్టిగా ఓ ఇరవైసార్లు లాగి వదలండి. కొత్త కేబుల్ కొంచెం సర్దుకుంటుంది, మళ్ళీ ఒకసారి నట్టు చూడాలి.

పరీక్ష

ముందు చదును నేల మీద, హ్యాండ్ బ్రేక్ వేసి మొదటి గేరులో క్లచ్ మెల్లగా వదలండి, ఇంజన్ ఆగిపోవాలి గానీ బండి కదలకూడదు. తర్వాత రెండు మూడు కిలోమీటర్లు నడిపి, దిగి వెనక డ్రమ్ముల దగ్గరికి చేయి దగ్గరగా పెట్టి వేడి చూడండి, ముట్టుకోవద్దు. ఒకటి రెండోదాని కంటే బాగా వేడిగా ఉంటే ఆ వైపు పట్టేస్తోందని అర్థం. ఇక వాలు. ఫ్లైఓవర్ ర్యాంపు మీద కాదు, ట్రాఫిక్ లేని చోట, వెనకా ముందూ ఎవరూ లేకుండా, దిమ్మ పట్టుకుని ఒకరు బయట నిలబడి ఉండగా చూడండి. బండి ముఖం పైకి పెట్టి ఒకసారి, కిందికి పెట్టి ఒకసారి, న్యూట్రల్‌లో, కాలి బ్రేకు మెల్లగా వదిలి. రెండు దిక్కులా చూడటం తప్పనిసరి, డ్రమ్ము బ్రేకు పట్టు ముందుకీ వెనక్కీ ఒకేలా ఉండదు. పెద్ద సామాను, మనుషులు ఎక్కాక మళ్ళీ చూడండి.

కాగితాల సంగతి కూడా. సొంత కారు ఆర్‌సీ 15 ఏళ్ళకి అయిపోతుంది, ఆ తర్వాత ఐదేళ్ళకోసారి రెన్యువల్‌కి బండి చూపించాలి, ఎస్ఎస్80 ఏదైనా ఎప్పుడో ఆ దశకి వచ్చేసి ఉంటుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 96వది కాలి బ్రేకూ పార్కింగ్ బ్రేకూ వేరువేరుగా పనిచేయాలని చెబుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆర్‌సీలో ఉన్న వివరాలకి భిన్నంగా బండి మార్చొద్దంటుంది. లివర్, కేబుల్ వివరాలు ఆర్‌సీలో ఉండవు, కానీ చూసేవాడికి అనుమానం రాకుండా కొన్న బిల్లులు, లేత్ పని రసీదు దాచుకోండి. నెల రోజులు నడిపాక క్లాంపు బోల్టులు, లివర్ బోల్టులు ఒకసారి పానా పెట్టి చూడండి, క్లిక్కులు మళ్ళీ లెక్కపెట్టండి. రెండు కంటే ఎక్కువ పెరిగి ఉంటే కేబుల్ నట్టు తిప్పకండి, ముందు డ్రమ్ము తీసి షూలు చూడండి.